వెన్నూ భుజాలూ తండ్రివే

మా టైలర్ దుకాణం వెడల్పు ఎనిమిది అడుగులు. ఒక కటింగ్ బల్ల, ఒక కుట్టు మిషను, ఇస్త్రీ పెట్టె, నిలువుటద్దం, ముగ్గురు మనుషులు. ముగ్గురిలో ఒకరు కదలాలంటే మిగతా ఇద్దరూ ఊపిరి బిగపట్టాలి. నాలుగు నెలల కింద నాన్న, మా బాపు, పోయాడు. ఇద్దరమే మిగిలాం. అయినా చోటు పెరగలేదు. ఎందుకంటే గోడ నిండా జనం.

జనం అంటే ఖాకీ కాగితాలు. మా దగ్గర కుట్టించుకున్న ప్రతి మనిషినీ బాపు కాగితం మీదికి దించేవాడు. వెన్ను ఒక ముక్క, ముందు భాగం ఒక ముక్క, చెయ్యి ఒక ముక్క, కాలరు ఒకటి. అన్నిటికీ ఒకే చోట చిల్లు పొడిచి, దారం కట్టి, మేకుకు తగిలించేవాడు. పేర్లు రాసేవాడు కాదు. ఒక్కో పేరుతో గల్లీకి నలుగురు ఉంటారని, ఇల్లు రాసేవాడు. ‘నీలం తలుపు, పెద్దాయన.’ ‘సైకిల్ షాపు పైన, రెండోవాడు.’ ఫ్యాన్ వేస్తే ఈ పెద్దాయనలూ రెండోవాళ్లూ భుజాలు రాసుకుంటూ గుసగుసలాడేవాళ్లు. చిన్నప్పుడు ఆ గోడ వైపు తిరిగి అన్నం తినేవాణ్ణి కాదు. చేతులున్నాయి, వెన్నులున్నాయి, తలకాయలు లేవు. పెద్దయ్యాక భయం పోయిందనుకున్నాను. బాపు పోయిన తర్వాత ఒకరోజు లెక్క తట్టింది. ఆ గోడ మీద ఉన్నవాళ్లలో సగం మంది భూమ్మీద లేరు. మళ్లీ అటు వీపు పెట్టి తినడం మొదలుపెట్టాను.

మిగిలిన ఇద్దరిలో రెండోవారు చాచా. నా సొంత బాబాయి కాదు, కుట్టే కారిగర్. ముప్పై ఏళ్లుగా బాపు కత్తిరిస్తే ఆయన కుట్టాడు. ఆ మిషను కూడా ఆయనదే. ఒక శుక్రవారం జుమ్మా నమాజు నుంచి వచ్చి, టోపీ మడిచి జేబులో పెట్టుకుని, మిషను ముందు కూర్చోకుండా నా ముందు నిలబడ్డాడు.

“బేటా, ఒక మాట చెప్త. నవ్వొద్దు.”

“నవ్వ చాచా. చెప్పు.”

“నవ్వుతున్నవ్.”

“నా మొఖమే గట్ల ఉంటది.”

“మెయిన్ రోడ్డు మీది షోరూమోళ్లు పిలుస్తున్నరు. ఏసీ ఉంటదట. కూసున్న కాడికే చాయ్ వస్తదట. మీ బాపు ఉన్నప్పుడు గూడ పిలిచిండ్రు, పోలె. ఇప్పుడు నువ్వు కత్తెర పట్టినంక ఎన్ని బట్టలు వాపస్ వచ్చినయో నీకు ఎరుకేనా?”

“రెండు మూడు...”

“ఝూట్ మాట్లాడకు. ఒకనికి చంక పట్టేసింది. ఒకనికి ముందు లేస్తది, ఎనక దిగుతది. ట్రయల్‌కు వచ్చినోడు మాస్టర్ ఏడీ అని అడుగుతడు, నిన్ను చూస్తడు, మళ్ల వస్త అంటడు. మళ్ల వచ్చిండా ఒక్కడన్న?”

నేను టేపు చుట్టడం మొదలుపెట్టాను. మాటకు మాట తగిలించకుండా వదిలేయడం నా జీవితంలో తక్కువ.

“పాలు పోసేటోళ్ల ఇంట్ల పెండ్లి వచ్చే నెల. ఆ పిలగాని షేర్వాణీ టైముకు పోవాలె. ఒక్క ముడత ఉండొద్దు. అది సక్కగ పోతే నేనుంట. లేకుంటే నా మిషను ఆటోల ఎక్కించుకుంట. తప్పు పట్టుకోకు బేటా, నాక్కూడ ఇల్లుంది.”

తప్పు పట్టుకోవడానికి ఏముంది? నాకు కత్తెర వచ్చు, షేర్వాణీ కుట్టడం రాదు. చాచా పోతే ఆ దుకాణంలో మిగిలేది నేను, ఒక కత్తెర, గోడమీది జనం.

ఆ వారమే సైదాబాద్ దిక్కు ఒక ఫంక్షన్ హాల్లో చిన్న దుకాణాల వాళ్లకు ఉచితంగా క్లాసు పెట్టారని తెలిసి పోయాను. ఎనిమిదో తరగతి మధ్యలో లేచి వచ్చేసిన తర్వాత ఒకరు చెబుతుంటే కూర్చుని వినడం మళ్లీ అదే. అలవాటు చొప్పున చివరి వరుసలో కిటికీ పక్కన కూర్చున్నాను. టై కట్టుకున్న ఒకాయన అడిగాడు, “మీ దుకాణంలో మీరు రోజూ వెతుక్కునే వస్తువేది?” ముందు వరుసలో ఒక కిరాణా ఆయన లేచి, “పనోణ్ణి సార్” అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ మాట నాకు ముందు తట్టనందుకు చాలాసేపు బాధపడ్డాను. బాధ తగ్గాక నిజంగానే ఆలోచించాను. మేం రోజూ వెతికేది గుండీలు, లోపల వేసే అస్తరు బట్ట, ఆ బట్టకు కలిసే దారం. కుట్టే టైము కన్నా చాచా లేచి వెతికే టైమే ఎక్కువ.

రెండో మాట కూడా ఆయన చెప్పాడు. “ఏడాదిగా ముట్టుకోని వస్తువు మీ చోటును తింటున్నట్టే. తీసెయ్యండి.” అది నేను చేతి వెనక రాసుకున్నాను, కాగితం లేక.

మొదటి మాట బంగారంలా పనిచేసింది. మిగిలిన బట్ట ముక్కలతో ఇరవై సంచులు కుట్టించాను. ఒక ఆర్డరుకు ఒక సంచి. బట్ట, అస్తరు, దారం, గుండీలు అన్నీ అందులోనే. ఏది ముందు ఇవ్వాలో అది తలుపు దగ్గరి కొక్కానికి, తర్వాతిది దాని పక్కన. పది రోజులకు చాచా మిషను ఆపి అన్నాడు, “పొద్దుగాల సంది ఎన్నిసార్లు లేచిన్నో చెప్పు.”

“ఎన్నిసార్లు?”

“రెండుసార్లు. ఒకటి నమాజుకు, ఒకటి చాయ్‌కు. ఇట్లయితే నా మోకాళ్లు తుప్పు పడ్తయ్.”

చాచా భాషలో అది శభాష్. ఆ శభాష్ నా తలకెక్కింది. నేను గోడ వైపు తిరిగాను.

బతికున్నవాళ్లవి ఉంచి, పోయినవాళ్లవి తీసేద్దామనుకున్నాను. ఎవరున్నారో ఎవరు లేరో ఎలా తెలియాలి? ఆర్డర్ పుస్తకంలో ఫోన్ నెంబర్లున్నాయి. మూడు రోజులు మధ్యాహ్నం పూట ఫోన్లు చేశాను.

“అంకుల్, టైలర్ దుకాణం నుంచి. ఉన్నరా?”

“ఉన్న. ఏంది చెప్పు.”

“ఏం లేదంకుల్, ఉన్నరా అని.”

“ఏం రా, నేను పోయిన్నని ఎవడన్న చెప్పిండా?”

కొందరు తిట్టారు, కొందరు నవ్వారు. ఒకామె మాత్రం ముందు టీవీ కట్టేసింది. తర్వాత, “లేడు బిడ్డా. రెండేండ్లాయె. ఎందుకు, ఆయనది ఏమన్న బట్ట మిగిలిందా మీ కాడ?” అని అడిగింది. మిగల్లేదని చెప్పాను. “చూడు బిడ్డా ఒక్కసారి” అంది. చూసినట్టు కాసేపు ఆగి, లేదమ్మా అని పెట్టేశాను. నా ఎదురుగానే ఆయన వెన్ను వేలాడుతోంది. అది బట్ట కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

పెండ్లి ఉన్న పాలవాళ్ల ఇంటికి ఫోన్ చేసే అవసరం రాలేదు. పెండ్లికొడుకు తండ్రి కిందటేడు పోయాడు, మట్టి వేయడానికి నేనూ పోయాను. ఆయన కట్టను తీసేసేవాటి గోనెసంచిలో పడేశాను. కొడుకు కట్ట మేకుకు ఉంచాను. చివర్లో ‘దుకాణం, పెద్దాయన’ అని రాసి ఉన్నది చేతికొచ్చింది. బాపు. తన బట్టలు తానే కత్తిరించుకునేవాడు, తనకూ కాగితం ఉంది. దారం దగ్గర కాగితం మెత్తబడి బట్టలా అయింది. ఒక్క నిమిషం పట్టుకుని నిలబడ్డాను. తర్వాత, రూల్ అంటే రూలే బాపూ అని పైకే అని, నవ్వి, దాన్ని కూడా సంచిలో వేశాను. చాచా చూశాడు. దారం కొరికి, మిషను తొక్కాడు.

గల్లీ మూల మీద బజ్జీల బండి పెట్టే అక్క పొట్లాలకు కాగితం కావాలని ఎప్పటినుంచో అడుగుతోంది. నిండిన రెండు గోనెసంచులూ ఆమెకు ఇచ్చేశాను. తిరిగొచ్చి చూస్తే గోడ సగం తెల్లగా ఉంది, కాగితాలున్న చోట సున్నం పాతబడలేదు. వెన్నుల ఆకారంలో తెల్లటి మచ్చలు. ఫ్యాన్ వేశాను. మిగిలిన కాగితాలు కదిలాయి. కానీ చప్పుడు మొదటంతే వచ్చింది. సగం మంది పోయినా గుసగుస తగ్గలేదు. ఫ్యాన్ కట్టేసి ఉక్కలో కూర్చున్నాను.

షేర్వాణీ కత్తిరించాల్సిన రోజు వచ్చింది. బట్ట పరిచి, పెండ్లి ఉన్న కిషన్‌బాగ్ పాలవాళ్ల కొడుకు కట్ట విప్పాను. బాపు పోయాక టేపుతోనే నెట్టుకొచ్చాను, గోడ మీది కట్ట విప్పడం ఇదే మొదటిసారి. ముందు భాగం ఉంది. చెయ్యి ఉంది. కాలరు ఉంది. వెన్ను లేదు. కింద పడిందేమోనని బల్ల కింద దూరాను. లేదు. కాలరు ముక్క వెనక్కి తిప్పితే బాపు పెన్సిలు రాత కనిపించింది. ‘వెన్నూ భుజాలూ తండ్రివే.’

ఇంకో ఇల్లు విప్పాను. ‘వెన్ను అన్నది, చెయ్యి తండ్రిది.’ ఇంకోటి. ‘చెయ్యి ఒక్కటి మార్పు, మిగతాది తాతది.’ చోటు లేని దుకాణంలో బాపు కనిపెట్టుకున్న పద్ధతి అది. ఇంట్లో మొదటి మనిషికి పూర్తి కట్ట. తర్వాత వచ్చినవాళ్లకు వేరుగా ఉన్న ముక్క మాత్రమే. మిగతాది ముందున్నవాళ్ల నుంచి తీసుకుని కత్తిరించడమే. నేను పడేసింది పోయినవాళ్లను కాదు. బతికున్నవాళ్లకు వెన్నులు లేకుండా చేశాను.

అప్పుడు నా కట్ట గుర్తొచ్చింది. మిషను వెనక మేకుకు, ‘దుకాణం, కొడుకు.’ విప్పితే ఒకే ఒక్క ముక్క, ఒక చెయ్యి. నా చేతులు ఆయన చేతుల కన్నా కొంచెం పొడుగు. దాని మీద రాసి ఉంది: ‘మిగతాదంతా నాది.’

బండి దగ్గరికి పరుగెత్తాను. అక్క మూకుట్లో మిర్చి తిప్పుతోంది.

“అక్కా, గా కాగితాలు...”

“మస్తు పనికొచ్చినయ్ రా. గట్టి కాగితం, నూనె దిగదు. ఇంక ఉన్నయా?”

ఒక సంచి అప్పటికే ఖాళీ. రెండో దాన్ని ఆమె ఓపిగ్గా చింపి, జానెడు ముక్కలు చేసి, ఇటుక కింద పెట్టింది. ఒక్కొక్కటీ తీసి చూశాను. ఒక చంక వంపు, ఒక మెడ వంపు, ‘...తలుపు, పెద్దా...’ అని సగం రాత. ఏది ఎవరి భుజమో బాపు తప్ప ఎవరూ చెప్పలేరు. ఎదురుగా ఒక ఆటో డ్రైవరు నాలుగు మిర్చీలు పెట్టుకుని తింటున్నాడు. ఆయన చేతిలో ఎవరిదో వెన్ను ముక్క. మీరు తింటున్నది మా పెద్దాయన మీద అని చెబుదామనిపించింది. బాగా పేలే మాట. నోట్లోంచి రాలేదు.

తిరిగొచ్చి చాచాతో చెప్పాను.

“అన్ని ఇచ్చినవా?”

“ఉన్నోళ్లవి ఉంచిన.”

“ఉన్నోళ్లయి సగమే ఉన్నయంటున్నవ్ గద.”

“నేను సంచిల వేస్తుంటే నువ్వు చూసినవ్. ఒక్క మాట చెప్తే ఏం పోతుండె చాచా?”

ఆయన సూదిని సూదుల మెత్తలో గుచ్చి, అప్పుడు తిరిగాడు. “సునో బేటా. నేను కుట్టేటోన్ని. కటింగోని కాగితం ముట్టను, అడగను. అండ్ల ఏం రాసుందో ముప్పై ఏండ్ల సంది నాకు ఎర్కలేదు. మీ బాపు నా మిషన్‌ల నూనె పొయ్యలె, నేను ఆయన గోడకు చెయ్యి పెట్టలె. గందుకే ముప్పై ఏండ్లు నడిచింది.”

“ఇప్పుడేం జేద్దాం?”

“నువ్వే చెప్పాలె. బల్ల నీది.”

టేపుతో కొత్తగా కొలుద్దామని పెండ్లికొడుకును పిలిచాను. వచ్చాడు. అద్దం ముందు ఛాతీ విరుచుకుని కర్రలా నిలబడ్డాడు. కొలిచాను, మూడుసార్లు రాసుకున్నాను, కత్తిరించాను. చాచా కుట్టాడు. నాలుగు రోజుల తర్వాత ట్రయల్‌కు తల్లినీ వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పటికి పెండ్లి ఇంకా ఆరు రోజులు.

వేసుకున్నప్పుడు బాగానే ఉంది. ఫోన్ మోగితే తీసి మాట్లాడాడు. మాట్లాడుతుండగా మెడ నుంచి ఎడమ భుజం కిందికి ఒక ముడత లేచింది, వేలు మందాన. ఫోన్ పెట్టి నిటారుగా నిలబడగానే పోయింది. మళ్లీ వాలితే మళ్లీ లేచింది. చాచా తల దించుకుని కాజాలు చూస్తున్నాడు. చూడటానికి అక్కడ కాజాలు ఇంకా కుట్టలేదు.

తల్లి మెల్లగా అంది, “గీ ముడత మా ఆయనకు ఎన్నడు రాకుండె.”

“ఆయనకూ గిట్లనే ఉండేనా అత్తమ్మా, భుజం?”

“ఎడమది దిగి ఉండేది. పొద్దుగాల లేస్తే ఆ భుజానికే పాల క్యాన్. వీడు గూడ పన్నెండేండ్ల నుంచి గదే భుజానికి ఎత్తుతడు.”

ఆమె వాళ్లాయన షేర్వాణీ పెట్టెలో ఉందా అని అడిగాను. ఆయనతోనే మట్టిలోకి పంపించామని చెప్పింది. నేనిక ఆమె మొఖం చూడలేకపోయాను.

అప్పుడు చాచా, కుట్టే మనిషి హద్దు దాటకుండా, గోడతో చెబుతున్నట్టు అన్నాడు. “మనిషి రాంగనే మాస్టర్ కొలుస్తుండెనా? లేదు. ముందుగాల కూసోబెడ్తుండె. చాయ్ తెప్పిస్తుండె. నిలబడమని చెప్పి, కత్తెర ఏడుందని దేవులాడుతుండె. కత్తెర చేతిల్నే ఉంటుండె. మనిషి నిలబడి నిలబడి తను నిలబడ్డ సంగతే మర్చిపోతుండె. గప్పుడు టేపు తీస్తుండె.”

నాకు బాపు అంత ఓపిక లేదు. మౌనంగా అరగంట ఉండటం నాకు పుట్టుకతో రాలేదు. నాకు వచ్చింది ఒక్కటే. పెండ్లికొడుకు వైపు తిరిగాను.

“ఏం బావా, పిల్లతోటి మాట్లాడుతున్నవా?”

“ఆఁ, అప్పుడప్పుడు.”

“ఏం మాట్లాడుతవ్? ఎనుముల గురించేనా?”

“ఏయ్ పో బావా.”

“కాదు, అడుగుతున్న. తిన్నవా అని ఆమె అడిగితే, అవి తిన్నయి నేనింక తినలె అంటవా?”

తల్లి కొంగు అడ్డం పెట్టుకుంది. వాడు సిగ్గుపడి, నవ్వి, తల గోక్కున్నాడు. ఇంకో రెండు వదిలాను. మూడోదానికి వాడి నడుం వదులైంది, మోకాలు వంగింది, ఎడమ భుజం తన చోటికి తాను పోయింది. రెండు వేళ్లు కిందికి. అద్దంలో నాకు కనిపించింది వాడు కాదు. కిందటేడు మేం మట్టి వేసిన మనిషి మా దుకాణంలో, సగం కుట్టిన షేర్వాణీలో నిలబడి నవ్వుతున్నాడు. తల్లి కూడా అద్దంలోకే చూస్తోంది.

“కదలకు రా” అంది ఆమె. “ఒక్క నిమిషం గట్లనే ఉండు.”

నేను ఆ నిమిషంలో చాక్‌తో గీశాను. చెరగకుండా గీత మీద గీత గీశాను.

ఎడమ భుజం కుట్టు విప్పి దించాం, లోపలి దూది పలచన చేశాం. పెండ్లికి రెండు రోజుల ముందు షేర్వాణీ ఇంటికి పోయింది. పెండ్లిలో నేను భోజనాల దగ్గర కాకుండా స్టేజీ కింద నిలబడి భుజమే చూశాను. అందరూ వాణ్ణి నిటారుగా నిలబడమంటున్నారు. వాడు వాలి నిలబడ్డాడు. ముడత లేదు.

గోడ పని మాత్రం ఇంకా నడుస్తోంది. ఇప్పుడు ప్రతి మనిషికీ పూర్తి కట్ట తీస్తున్నాను. ఎవరి నుంచీ ఏదీ అప్పు తెచ్చుకోవడం లేదు. ఫోన్లో ఫొటో కూడా తీసి పెడుతున్నాను. కాగితం మీద ఇల్లు రాసి, కింద ఎవరిలా నిలబడతాడో కూడా రాస్తున్నాను, చెప్పేవాళ్లు ఉంటే. వెన్ను పోగొట్టిన ఇళ్లన్నిటికీ ఒక్కొక్కటిగా పోయి, నా తప్పు చెప్పి, కొలిచి వస్తున్నాను. పదిహేను ఇళ్లు అయ్యాయి. బాపుది మాత్రం ఎవరినీ కొలిచి తేలేను. నా చొక్కాలు చిరిగితే దేన్ని చూసి కత్తిరించుకోవాలో తెలియదు కనుక చిరగకుండా వేసుకుంటున్నాను.

పెండ్లయి నెల నిండిన రోజు చాచా ఎప్పటిలాగే పదింటికి వచ్చాడు. నేను బల్ల తుడుస్తున్నాను. షోరూం సంగతి అడుగుదామని నోరు తెరిచి, మూసుకున్నాను. ఆయన మిషను మీది గుడ్డ తీయలేదు. అద్దం ముందుకొచ్చి నిలబడ్డాడు.

“టేపు తియ్యి.”

“ఎవరికి?”

“నాకు. గీ గోడ మీద నా కాగితం లేదు. ముప్పై ఏండ్లల్ల మీ బాపు అడగలె, నేను చెప్పలె. పాత కుర్తా పెట్టి కొత్తది కోసుకున్న.”

“ఉంటున్నవా చాచా?”

“ఉండకుంటే కొలత ఎందుకిస్త? దిమాగ్ లేదు నీకు.”

కాగితం పరిచి పెన్సిలు తీశాను. “ఏ ఇల్లని రాయాలె?”

“దుకాణం అని రాయి. ఇంటికాడ నేనుండేది పండుకునేటందుకే.”

రాశాను. తలెత్తితే ఆయన ఛాతీ ముందుకు పెట్టి, గడ్డం పైకెత్తి నిలబడి ఉన్నాడు.

“ఏంది చాచా, జెండా ఎగరేస్తున్నమా?”

“నేను నిలబడేదే గిట్ల.”

“గట్లనా. మరి షోరూంల ఏసీ కింద గిట్ల నిలబడితే నిన్ను బొమ్మ అనుకుని కోటు తొడుగుతుండెనేమో. సాయంత్రం దులిపి లోపల పెడ్తుండె.”

“చుప్ రావ్.”

“కాదు, ఎవడన్న వచ్చి ఈ ముసలి బొమ్మ ధర ఎంత అంటే నువ్వే చెప్పాల్సి వచ్చేది.”

ఆయన ఆపుకోలేక నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగాక ఆయన ఊపిరి వదిలాడు, దానితో పాటు భుజాలు వదిలాడు. అవి దిగాయి. దిగుతూనే ఉన్నాయి. మెడ ముందుకు వచ్చింది, వెన్ను మిషను మీదికి వంగినట్టు వంగింది, మిషను ముందు లేకపోయినా. ఇన్నేళ్లు కూర్చుని ఉండగా తప్ప నేనాయన్ను సరిగ్గా చూడలేదు. ఇంత చిన్న మనిషి అని నాకు తెలియదు.

అద్దంలోకి చూడకుండా అడిగాడు, “రాస్తున్నవా?”

“రాస్తున్న చాచా” అన్నాను, ఆయన్నే చూస్తూ. టేపు ఇంకా నా మెడలోనే ఉంది.